వింత ప్రతిపాదనలు చదివే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

పరిశోధన ప్రతిపాదనలు వడగట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. వింతగా అనిపించినవన్నీ చదవకుండానే పక్కన పడేస్తున్నావట. తొందరపడకు. ముందు వెగెనర్ సంగతి గుర్తు చేసుకో.

ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు. ఖండాలు కదులుతున్నాయని 1912లో భూగర్భ శాస్త్రజ్ఞులకు చెప్పబోయాడు. ఏ శక్తి కదుపుతోందని అడిగితే భూభ్రమణం, ఆటుపోట్లు అన్నాడు. అవి ఏ మూలకూ చాలవని జెఫ్రీస్ అనే భూభౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చూపాడు. గ్రీన్‌లాండ్ ఏటా మీటర్ల కొద్దీ జరుగుతోందని కూడా వెగెనర్ అన్నాడు, నిజానికి సెంటీమీటర్లే. ఇన్ని తప్పులున్న కాగితం నీ బల్ల మీదికి వస్తే ఏం చేసేవాడివి?

నేనైతే కారణం చెప్పిన పేజీ పక్కన పెట్టి, ఆధారాల పేజీ చదువుతాను. మీటరు పొడవుండే మెసోసారస్ అనే సరీసృపం శిలాజాలు బ్రెజిల్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ దొరికాయి. అంత చిన్న జీవి అట్లాంటిక్‌ను ఈదలేదు. గ్లాసాప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుల ముద్రలు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లో ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ఉన్నాయి, అంటార్కిటికాలోనూ ఉన్నాయి. కారణం తప్పు చెప్పినంత మాత్రాన ఇవి ఎక్కడికీ పోవు.

కొత్త మాటను నిలదీసినంత గట్టిగా పాత మాటనూ నిలదీయి. ఖండాల మధ్య ఒకప్పుడు నేల వంతెనలు ఉండేవనీ, తర్వాత మునిగిపోయాయనీ ఆనాటి పెద్దల వాదన. ఖండాల రాయి సముద్రం అడుగునున్న రాయి కన్నా తేలికైనది కదా, మరి మునిగేదెలా? వెగెనర్ ఈ ప్రశ్న వేశాడు. అయినా 1960లలో సముద్రం అడుగు రాళ్లలోని అయస్కాంత చారలను బట్టి ఆ అడుగు రెండు వైపులా విస్తరిస్తోందని తెలిశాక గాని లోకం ఆయన వైపు తిరగలేదు.

అలాగని తిట్లు తిన్న ప్రతివాడూ వెగెనర్ కాడు. గాజు పాత్రలో మామూలు ఉష్ణోగ్రత వద్దే కేంద్రక సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు కలిసిపోవడం, జరిగి వేడి పుట్టిందని 1989లో పాన్స్, ఫ్లైష్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్లు చెప్పినంత వేడి మామూలు సంలీనంతోనే పుట్టి ఉంటే, వెలువడే న్యూట్రాన్లకు దగ్గరున్నవాళ్లు బతికేవాళ్లు కాదు. ప్రయోగం చేసి చూసిన చాలా చోట్ల ఆ వేడీ కనిపించలేదు. వాళ్ల మాట పట్టించుకోవడం మాత్రం తప్పని నేననను. పరీక్షకు దొరికే మాట గనుక కొద్ది నెలల్లోనే బండారం బయటపడింది.

ఆ కాగితాలు మళ్లీ బయటికి తీయి. ఒక్కొక్కరికీ ఒకే ప్రశ్న పంపు: ఏది కనిపిస్తే మీ మాట తప్పని ఒప్పుకుంటారు? సూటిగా జవాబిచ్చినవాళ్లకు చిన్న పరీక్షకు సరిపడా డబ్బు ఇప్పించు, పూర్తి గ్రాంటు అప్పుడే వద్దు. శాస్త్రవేత్తలంతా కుట్ర పన్నారని నాలుగు పేజీలు రాసినవాళ్లను ఏం చేయాలో నీకు నేను చెప్పక్కర్లేదు.

మీ మామయ్య