తుప్పు పట్టిన కారు ఛాసిస్ (అడుగు చట్రం) మీద అండర్‌బాడీ కోటింగ్ (బండి అడుగున వేసే రక్షణ పూత) వేయిస్తే తుప్పు ఆగుతుందా?

ఆగదు, ఉన్న తుప్పును గీకించి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, యాంటీ రస్ట్ ప్రైమర్ (తుప్పును అడ్డుకునే తొలి పూత) వేయించాకే కోటింగ్ పనికొస్తుంది.

ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పుడుతుంది. ఆ నీటిలో ఉప్పు కలిస్తే, తుప్పు పట్టేటప్పుడు పుట్టే సన్నని కరెంటు తేలిగ్గా ప్రవహించి, ఈ చర్య వేగం పెరుగుతుంది. పైగా తుప్పు పొర గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. దాని మీద వేసిన కోటింగ్ ఇనుముకు అంటదు, తుప్పు రజనుకే అంటుకుంటుంది. కొన్నాళ్లకు పొక్కులా లేస్తుంది. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా, లోపల ఇనుమును తుప్పు తినేస్తూనే ఉంటుంది.

విశాఖ బీచ్ రోడ్డులో రోజూ నిలిపే కారునే తీసుకోండి. వాన పడకపోయినా సముద్రపు గాలిలోని ఉప్పు వీల్ ఆర్చ్‌లలో (చక్రాల పైనుండే వంపుల్లో), వెల్డింగ్ అతుకుల్లో చేరుతుంది. పేరుకున్న బురద అక్కడ తడి ఆరనివ్వదు. అలాంటి బండికి అడుగు భాగాన్ని తరచూ మంచినీళ్లతో కడిగించడమే ముందు చేయాల్సిన పని (ఉప్పు బోరునీళ్లతో కాదు).

కోటింగ్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. కానీ మందపు పొర గట్టిపడి పగిలితే, ఆ సందులో దూరిన నీళ్లు బయటికి రావు. డోర్ల కింద నీరు కారడానికి ఉన్న చిన్న రంధ్రాలు పూడిపోతే ఇంకా నష్టం.