క్రింప్ ఉన్న కేసుల్లో ప్రైమర్ ఎందుకు కూర్చోదు?

ప్రశ్న: వాడిన 9 ఎం.ఎం. పిస్టల్ కేసులను (తూటా లోహపు తొడుగులను) మళ్లీ నింపుతుండగా, కొన్నింటిలో కొత్త ప్రైమర్ (తూటా మందును అంటించే చిన్న పేలుడు మూత) సగంలోనే ఆగిపోతోంది. కాస్త గట్టిగా నొక్కవచ్చునా?

జవాబు: నొక్కవద్దు; ప్రైమర్ నలిగి పేలే ప్రమాదం ఉంది. మీ వద్ద ఉన్నవి బహుశా సైనిక అవసరాలకు తయారైన కేసులు. కాల్పుల్లో ప్రైమర్ వెనక్కి జారి తుపాకి యంత్రాంగంలో పడకుండా, దాని గూడు అంచును తయారీదారులు లోపలికి నొక్కి బిగిస్తారు; ఈ బిగింపే క్రింప్. ప్రైమర్ చుట్టూ నొక్కుడు వలయం గాని, వృత్తంలో శిలువ వంటి నాటో గుర్తు గాని కనిపించిన కేసులను వేరు చేయండి; గుర్తు లేనంత మాత్రాన క్రింప్ లేదనుకోకూడదు.

పాత ప్రైమర్ మామూలు డై (కేసును దూర్చి నొక్కే అచ్చు)తోనే ఊడివస్తుంది గాని, ఆ అంచు అలాగే మిగిలిపోతుంది. స్వేజింగ్ పరికరం లోహాన్ని కోయకుండా పక్కకు నెట్టి గూటి నోటిని సరిచేస్తుంది. రీమర్ అనే కోత పనిముట్టు ఆ అంచును చెక్కేస్తుంది. చేతి రీమర్ చౌకే, అయితే అవసరానికి మించి కోస్తే గూడు వదులై, పేల్చినప్పుడు వాయువు వెనక్కి తన్నుకొస్తుంది కనుక అటువంటి కేసును పారవేయవలసిందే. అందుకే నేను స్వేజింగ్ వైపే మొగ్గుతాను. ఒక్కో కేసుకు ఈ పని ఒకసారి చేస్తే చాలు. కొత్త ప్రైమర్ కేసు అడుగు మట్టం కంటే రవ్వంత లోపలికి దిగిందో లేదో వేలికొనతో తడిమి చూడండి. పని సాగినంతసేపూ రక్షణ కళ్లద్దాలు తీయకండి.