ఆన్‌లైన్ గేముల ఎకానమీ మీద ఎంఏ డిసర్టేషన్ చేయొచ్చా? డిపార్ట్‌మెంట్‌లో నవ్వరా?

నిక్షేపంగా చేయొచ్చు. నాది ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేములోని మార్కెట్ మీదే. నవ్వడం అంటారా, టాపిక్ చెప్పిన రోజు నవ్వుతారు. డేటా చూపించాక నవ్వరు.

ఈ దారి వేసినవాడు ఎడ్వర్డ్ కాస్ట్రోనోవా అనే ఎకనామిస్టు. ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ గేము ఆటగాళ్లు తమ క్యారెక్టర్లనీ ఆట డబ్బునీ బయట వేలంలో అమ్ముకుంటున్న ధరల ఆధారంగా, 2001లో ఆ లోకపు తలసరి జాతీయోత్పత్తి 2,266 డాలర్లని లెక్కగట్టాడు. అంటే రష్యాకీ బల్గేరియాకీ మధ్యన. అందరూ ఈ అంకెనే చెబుతారు గానీ, నాకు పనికొచ్చింది ఆయన బృందం తర్వాత చేసిన ప్రయోగం. ఆర్డెన్ అనే లోకాన్ని సొంతంగా కట్టి, అచ్చంగా ఒకేలా ఉండే రెండు కాపీలు చేసి, ఎవరు ఎందులో ఆడాలో లాటరీ వేసినట్టు పంచారు. తేడా ఒక్కటే: ఒకదాంట్లో గాయాలు మాన్పే మందు ధర రెట్టింపు. నెలరోజుల ఆట అయ్యాక చూస్తే, అక్కడ ఆ మందు 43 శాతం తక్కువ కొన్నారు. బయట ఒకే దేశానికి రెండు కాపీలు తీసి ఇలా ధర మార్చి చూసే వీలు ఎవరికుంది? (ఆడింది మొత్తం 43 మందే. ఇది రాయకుండా వదిలేస్తే వైవాలో పట్టుకుంటారు.)

నా టాపిక్‌కి గైడ్ మొదట మొహం చిట్లించారు. ఈవ్‌లో జీటా అనే పెద్ద వ్యాపార కేంద్రం ఉంది. అక్కడ ఒకడు సరుకు అమ్మకానికి పెడితే, కాసేపట్లోనే ఇంకొకడు 0.01 ఇస్క్ (ఆ ఆట డబ్బు) తగ్గించి వాడికంటే ముందు నిలబడేవాడు. రోజంతా ఇదే గోల. 2020లో కంపెనీ రూల్ మార్చి, ధరలో మొదటి నాలుగు అంకెలు తప్ప మిగతావి సున్నాలే ఉండాలంది. ఇక ముందుకి రావాలంటే నిజంగా రేటు తగ్గించాల్సిందే. ఇది స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ఉండే టిక్ సైజ్ (ధర కనీసం ఎంత మారాలన్న లెక్క) సమస్యే. "కనీస ధర తేడా పెరిగితే మార్కెట్ ఎలా మారుతుంది?" అని ప్రశ్నని తిరగరాసి తీసుకెళ్లాక ఆవిడ మారుమాట లేకుండా సంతకం పెట్టారు. మీరూ గేముతో కాదు, ఎకనామిక్స్ ప్రశ్నతో వెళ్లండి.

గైడ్ ఇంకా బెట్టు చేస్తే యానిస్ వరూఫాకిస్ పేరు చెప్పండి. 2012లో వాల్వ్ అనే గేముల కంపెనీలో ఎకనామిస్టుగా చేరి, 2015లో గ్రీస్ ఆర్థిక మంత్రి అయ్యాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇక్కడ ప్రభుత్వం, రిజర్వ్ బ్యాంకు, దేవుడు అన్నీ ఆటని నడిపే కంపెనీయే. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో ఆటగాళ్లు నడిపిన గింకో అనే బ్యాంకు 2007లో కూలింది. కొన్ని నెలలకే, 2008 జనవరిలో, ప్రభుత్వ అనుమతి చూపించలేని, వడ్డీ ఇచ్చే బ్యాంకులన్నిటినీ కంపెనీ నిషేధించింది. అందుకే మీ డేటా కాలంలో వచ్చిన ప్రతి అప్‌డేట్ తేదీనీ పక్కన రాసిపెట్టుకోండి. లేకపోతే రూల్ మారడం వల్ల కదిలిన ధరని డిమాండ్ ఖాతాలో వేసేస్తారు.

అంతకంటే చిక్కు, ఒకే మనిషికి నాలుగైదు అకౌంట్లు ఉండటం. సంపద అసమానతల జోలికి వెళితే అక్కడే ఇరుక్కుంటారు. మొదటిసారికి ధరలు, లావాదేవీల పరిమాణం చాలు. ఈవ్‌లో ప్రాంతాలవారీగా రోజువారీ రేట్లు ఏపీఐలో (ప్రోగ్రాముతో డేటా దించుకునే దారి) ఉచితంగా దొరుకుతాయి. సినాప్సిస్ రాయకముందే ఒక ఖనిజం రేట్లు దించుకుని గ్రాఫ్ గీసి చూడండి.