ఆయన వస్తున్నారంటేనే టెన్షన్‌గా ఉంది

(ఇరవై రెండేళ్లు సైనికుడి భార్యగా ఉండి, ఇప్పుడు సైనికుడి తల్లి అయిన మా రచయిత్రి పాఠకుల ఉత్తరాలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: అక్కా, మావారు సైన్యంలో ఉన్నారు. పది నెలల తర్వాత వచ్చే నెలలో ఇంటికి వస్తున్నారు. మాకు నాలుగేళ్ల పాప, ఒక బాబు. ఆయన వెళ్లేనాటికి బాబు నెల పిల్లాడు. సంతోషించాల్సింది పోయి నాకు టెన్షన్‌గా ఉంది. ఇల్లు, పిల్లలు, డబ్బు అన్నీ ఒక్కదాన్నే చూసుకోవడం అలవాటైపోయింది. ఆయన వచ్చి ‘ఇదెందుకిలా చేశావు’ అంటే తట్టుకోగలనా అనిపిస్తోంది. ఇలా అనుకోవడం తప్పా?
- ఓ సైనికుడి భార్య

జవాబు: తప్పు కాదు చెల్లీ. నువ్వు పైకి అనగలిగావు, ఆ రోజుల్లో నేను అనలేకపోయాను.

మావారు ఒకసారి పదకొండు నెలల తర్వాత వచ్చారు. ఆ రాత్రి వీధి తలుపు గడియ ఆయనే వేసి వచ్చి పడుకున్నారు. నేను లేచి వెళ్లి, గడియ పడిందో లేదో చేత్తో తడిమి చూసుకుని వచ్చాను. అన్ని నెలలు రాత్రికి రెండేసి సార్లు తడిమి చూసుకున్న చెయ్యి అది. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడన్న సంగతి దానికింకా తెలియలేదు. మూడు రాత్రులు ఆయనేమీ అనలేదు. నాలుగో రాత్రి, ‘నేను వేసిన గడియ మీద నమ్మకం లేదా?’ అన్నారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. గడియ దగ్గర మొదలైన మాటలు తెల్లవారుజాము దాకా సాగాయి. తను లేకపోయినా ఇల్లు ఇంత చక్కగా నడుస్తుంటే ఇక్కడ తనకు పనేముంది అనిపించిందట ఆయనకి. అలా నడపడానికి నేనెంత అలిసిపోయానో ఆయన కంటపడలేదే అని నా బాధ.

కాథ్లీన్ వెస్టల్ లోగన్ అనే ఆవిడ నౌకాదళం వాళ్ల భార్యలను గమనించి 1987లో ఒక వ్యాసం రాశారు. భర్త ప్రయాణం ముందు నుంచి ఆడవాళ్ల మనసు ఎలా మారుతూ వస్తుందో ఏడు దశలుగా చెప్పారు. మనిషి గుమ్మంలో అడుగుపెడితే కథ అయిపోయిందనుకుంటాం కదా, ఆవిడ లెక్కలో ఆ తర్వాత ఇంకా రెండు దశలున్నాయి. అందులో మొదటిదానికి ఆవిడ పెట్టిన పేరుకి అర్థం, పెళ్లి ఒప్పందాన్ని మళ్లీ మాట్లాడుకోవడం. అది చదివాక నాకు మా గడియే గుర్తొచ్చింది. బయలుదేరే ముందు భార్యాభర్తలు చీటికిమాటికి పోట్లాడుకోవడం గురించి కూడా ఆవిడ రాశారు. అదీ మా ఇంట్లో జరిగిందే.

లెక్కలన్నీ వచ్చిన రోజే ఆయన ముందు పరచకు. రెండు మూడు రోజులు ఆగు. ఈ పది నెలల్లో నువ్వు తీసుకున్న పెద్ద నిర్ణయాలు ఒక పుస్తకంలో రాసిపెట్టుకుని, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు కాకుండా కబురు చెబుతున్నట్టు చెప్పు. ఏదో ఒక పని పూర్తిగా ఆయనకి అప్పగించు. పాపని నిద్రపుచ్చడమే అనుకో. అప్పగించాక ఆ గదిలోంచి బయటికి వచ్చేయాలి. గుమ్మం దగ్గర నిలబడి ‘అలా కాదు, ఇలా’ అనకు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే.

బాబు ఆయన్ని చూసి ఏడుస్తాడు. ఆ వయసులో పిల్లలు కొత్త ముఖాలకు భయపడటం మామూలే, ఈ సంగతి ఆయనకి ముందే ఫోన్‌లో చెప్పు. వాడిని బలవంతంగా ఆయన చేతుల్లో పెట్టకు. ఆయన్ని నేలమీద వాడి బొమ్మల దగ్గర కూర్చోమను, వాడే పాక్కుంటూ వస్తాడు. నాలుగేళ్ల పిల్లలు తాము అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయాడని అనుకుంటుంటారు. పాప అడగకపోయినా, నాన్న డ్యూటీ కోసం వెళ్లాడని ఆయన చేతే చెప్పించు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. వాళ్ల నాన్న ‘ఇలా రా’ అని పిలిస్తే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ‘అమ్మా, నాన్న రమ్మంటున్నాడు, వెళ్లనా?’ అని అడిగేది. ఆ మాట ఆయన చెవిన పడ్డప్పుడల్లా నాకు గుండె చివుక్కుమనేది. అడగడం మానడానికి ఆరు వారాలు పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం ఓపిక పట్టకు. వారాలు గడిచినా ఆయనకి నిద్ర పట్టకపోయినా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా, మద్యం ఎక్కువవుతున్నా వెంటనే డాక్టర్‌కి చూపించు. కాలికి దెబ్బ తగిలితే చూపించమూ? ఇదీ అంతే.

ప్రశ్న: పోస్టింగుల వల్ల మా బాబు ఐదో తరగతికే నాలుగు బడులు మారాడు. కొత్త చోట ముభావంగా ఉంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: టీసీ, మార్కుల షీట్లు, టీకాల కార్డు సామాన్ల లారీలో వేయకండి, చేతిసంచిలోనే ఉండాలి. పాత బడి నోటుపుస్తకాలు పారేయకండి. ఒక బడిలో భిన్నాలు అయిపోయి ఉంటాయి, ఇంకో బడిలో మొదలే పెట్టి ఉండరు. ఆ పుస్తకాలు చూస్తే వాడికి ఏం వచ్చో ఏం రాదో టీచర్‌కి తెలుస్తుంది. ఇక మా పిల్లలకి ఒక్కో పెట్టె ఉండేది. ఎవరిది వాళ్లే సర్దుకునేవారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెట్టెలు చివర మూసేవాళ్లం, కొత్త ఇంట్లో ముందు వాటినే తెరిచేవాళ్లం. పాత స్నేహితులతో ఫోన్ మాట్లాడనివ్వండి. అందువల్ల కొత్తవాళ్లతో కలవడేమో అన్న భయం అక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నా ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో శిక్షణకు వెళ్లాడు. వారానికోసారి రెండు నిమిషాలు ఫోన్ చేస్తాడు. ఆ రెండు నిమిషాలూ ఏడుస్తూనే ఉంటున్నాను. మీరెలా తట్టుకున్నారు?

జవాబు: చెల్లెమ్మా, నేనూ తట్టుకోలేదు. మావారు వెళ్లినప్పుడల్లా చంకలో ఒకరు, చెయ్యి పట్టుకుని ఒకరు ఉండేవారు, ఏడవడానికి తీరికే దొరికేది కాదు. కొడుకు వెళ్లిన రోజు చేతులు రెండూ ఖాళీ అయిపోయాయి. వాడి గదిలో మంచం మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఫోన్‌లో చెప్పదలచుకున్నవి ముందే చీటీ మీద రాసి పెట్టుకోండి. చీటీ చదువుతుంటే ఏడుపు కాస్త ఆగుతుంది, నా అనుభవం. ‘తిన్నావా, నొప్పులున్నాయా’ అని అడిగితే వాళ్లు నిజం చెప్పరు. వాళ్లకి కావలసింది ఇంటి కబుర్లు. ఉత్తరాలు కూడా రాయండి. వెనకాముందూ చేరతాయి కాబట్టి మూలన నంబరు వేయండి, ఏది ముందు రాసిందో వాడికి తెలుస్తుంది. నిన్న నేను రాసినదాని మీద 31 వేశాను. పక్కింటి పిల్లాడు మావాడి సైకిల్ తీసుకెళ్లి తొక్కుకుంటున్నాడనీ, టైరులో గాలి తగ్గితే నేనే కొట్టించాననీ రాశాను.