స్టిక్కర్ మీది మైలేజీ మన కారుకెందుకు రాదు?

అమెరికా వచ్చి మొదటి కారు కొన్నవాళ్లకు తొలి చలికాలంలో వచ్చే సందేహమే ఇది. "కొత్త కారు అద్దానికి అంటించిన స్టిక్కర్ మీద 32 అని ఉంది, నాకు 24 దాటడం లేదు. కారులో ఏదైనా లోపముందా?" చాలామటుకు కారు బాగానే ఉంటుంది. చలి, మన తిరుగుడు, మన తోలుడు కలిసి లెక్క మార్చేస్తాయి.

ముందు ఆ అంకె సంగతి. గ్యాలన్ పెట్రోలుకు కారు ఎన్ని మైళ్లు నడుస్తుందో చెప్పేది అది. ఇక్కడి గ్యాలన్ 3.785 లీటర్లు, మైలు 1.6 కిలోమీటర్లు. అంటే 30 మైళ్ల మైలేజీ మన లెక్కలో లీటరుకు పన్నెండున్నర పైచిలుకు. స్టిక్కర్ మీద పెద్దగా కనిపించేది ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) వాళ్ల సిటీ, హైవే అంకెలను 55, 45 పాళ్లలో కలిపి తేల్చింది. మీరు తిరిగేదంతా ఊళ్లోనే అయితే సిటీ అంకెతోనే పోల్చుకోండి.

అసలు దెబ్బ చలిలో చిన్న చిన్న ట్రిప్పులది. ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. 77 ఫారెన్‌హీట్‌తో పోలిస్తే 20 డిగ్రీల చలిలో పెట్రోలు కారు సిటీ మైలేజీ 15 శాతం దాకా పడిపోతుంది, మూడు నాలుగు మైళ్ల ట్రిప్పులకైతే 24 శాతం దాకా. హైబ్రిడ్‌కు ఇంకా ఎక్కువే. అందుకే గ్రాసరీ, లైబ్రరీ, పిల్లల క్లాసు ఒకే చుట్టులో పెట్టుకోండి. వేడెక్కిన ఇంజిన్ మళ్లీ చల్లారకముందే పని అయిపోతుంది. కారు స్టార్ట్ చేసి పావుగంట అలా వదిలేయడం మాత్రం వద్దు, కదలని కారు మైలేజీ సున్నా. అద్దాల మీద మంచు పూర్తిగా గీకేసి, అర నిమిషం ఆగి, మెల్లగా బయలుదేరితే ఇప్పటి ఇంజిన్లకు అది చాలు.

తర్వాత టైర్లు. ఉష్ణోగ్రత పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పడిపోతే టైర్లలో గాలి సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి ఉండాలో అందులో రాసి ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె చూసి కొట్టించకండి, అది గరిష్ఠ పరిమితి. పొద్దున్నే, బండి కదలకముందే కొలవండి. డాష్‌బోర్డులో లైటు వెలిగేదాకా ఆగొద్దు, గాలి పావు వంతు తగ్గితే గానీ అది వెలగదు.

హైవే మీద గంటకు 65 మైళ్ల బదులు 75లో వెళ్తే గాలి ఎదురు తోపు మూడో వంతు పెరుగుతుంది. మైలేజీ 50 దాటినప్పటి నుంచే తగ్గడం మొదలవుతుంది. టూరుకని పైన బిగించిన రూఫ్ బాక్సు, తిరిగొచ్చాక విప్పేయండి.

ప్రీమియం గ్యాస్ (ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు) పోస్తే మైలేజీ పెరుగుతుందని స్నేహితులు చెబుతుంటారు. మాన్యువల్‌లో ఆక్టేన్ 87 అని ఉంటే 87 చాలు, ప్రీమియం తప్పనిసరి అని రాసి ఉంటేనే అది పోయండి.

డాష్‌బోర్డు చూపే మైలేజీని పూర్తిగా నమ్మకండి. ట్యాంకు నింపి ట్రిప్ మీటర్ సున్నా చేయండి, మళ్లీ నింపినప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గ్యాలన్లతో భాగించండి. ఒక్కసారి చాలదు, నాలుగైదు ట్యాంకులు చూడండి. ఎండాకాలంలో, టైర్లలో గాలి సరిగ్గా ఉన్నా కూడా ఆ అంకె బాగా తక్కువే వస్తుంటే, అప్పుడు బ్రేకు పట్టేస్తోందేమో, ఆక్సిజన్ సెన్సర్ పాడైందేమో మెకానిక్‌తో చూపించండి.