అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోందా? ఫార్మాట్‌కి ఇచ్చేముందు ఇది చూడండి

విండోస్ 11 అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ ఉన్నపళంగా హ్యాంగ్ అయిపోతోంది, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపితే తప్ప కదలట్లేదు, షాపువాళ్ళేమో ఫార్మాట్ కొట్టాలి, అంటే డిస్క్ అంతా చెరిపి విండోస్ మళ్ళీ వెయ్యాలి అంటున్నారా? అప్పుడే ఒప్పేసుకోకండి. నిన్నటిదాకా శుభ్రంగా నడిచిన బండి అప్‌డేట్ పడగానే ఆగిందంటే ముందు అనుమానించాల్సింది డిస్‌ప్లే డ్రైవర్‌ని, అంటే తెర మీద బొమ్మని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని.

విశాఖపట్నం గాజువాకలో మా బావగారి ల్యాప్‌టాప్‌కి అచ్చం ఇదే అయ్యింది. ఎక్సెల్‌లో బిల్లులు కొట్టుకుంటుంటే మౌస్ ఆగిపోయేది, కింద మూల గడియారం కూడా ఆ నిమిషం దగ్గరే ఉండిపోయేది, ఫ్యాన్ మాత్రం గుయ్యిమని తిరుగుతూనే ఉండేది. అలా ఆగినప్పుడు క్యాప్స్‌లాక్ నొక్కి చూడండి, లైటు వెలిగి ఆరుతోందంటే లోపల సిస్టమ్ బతికే ఉంది, తెర ఒక్కటే ఇరుక్కుందనుకోవచ్చు. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, అది ఆ డిస్‌ప్లే డ్రైవర్‌నే (గ్రాఫిక్స్ డ్రైవర్ అన్నా అదే) రీస్టార్ట్ చేస్తాది. మాకు బీప్‌మని తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వచ్చేసింది, ఎక్సెల్ ఎక్కడిదక్కడే ఉంది, ఇంక డౌటే లేదు అనుకున్నాం. అయినా ఖాయం చేసుకుందామని స్టార్ట్‌లో రిలయబిలిటీ అని టైప్ చేసి ఆ హిస్టరీ తెరిస్తే, అప్‌డేట్ పడ్డ రోజు నుంచి వరసగా ఎర్ర ఇంటూ మార్కులు, నొక్కితే లైవ్ కెర్నల్ ఈవెంట్ 141. ఆ 141 గానీ 117 గానీ కనిపిస్తే గొడవ వీడియో వైపే ఉందని అర్థం (గ్రాఫిక్స్ చిప్పే పాడైనా ఇవి వస్తాయి, అది తర్వాత సంగతి).

చెయ్యి పెట్టేముందు ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యండి. ఈమధ్య ల్యాప్‌టాప్‌లకి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) దానంతటదే ఆన్ అయ్యి ఉంటోంది, సేఫ్ మోడ్‌లోకి (అవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్తుంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఫోన్‌లోంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే మామూలుగా అక్కడ ఉంటాది, కాగితం మీద రాసిపెట్టుకోండి. కొన్నప్పుడు ఎవరి మెయిల్ పెట్టారో కూడా గుర్తు తెచ్చుకోండి, మా బావగారిది బెంగళూరులో ఉన్న మేనల్లుడి మెయిల్, వాడు ఫోన్ ఎత్తేసరికి రాత్రయ్యింది.

కీ దొరికాక షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్ళి అక్కడ రీస్టార్ట్ కొట్టి, వచ్చిన లిస్టులో 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ హ్యాంగ్ అవ్వకుండా నడిచిందంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి ప్రాపర్టీస్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ కొట్టండి, ముందున్న పాత డ్రైవర్ వెనక్కి వస్తాది. ఆ బటన్ మసగ్గా ఉంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవరే తెచ్చుకోండి, ఎక్కడెక్కడివో డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లు మాత్రం వద్దు బాబూ. మా వాళ్ళది రోల్ బ్యాక్‌తోనే సెట్ అయ్యింది, తర్వాత అప్‌డేట్లు ఓ వారం పాజ్‌లో పెట్టాం.

దానికీ లొంగకపోతే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీకి వెళ్ళి చివరగా పడ్డదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయితే రికవరీలో గో బ్యాక్ ఉంటాది, కానీ మామూలుగా 10 రోజులే గడువు, అందుకని నాన్చకండి.

పాత హార్డ్‌డిస్క్ ల్యాప్‌టాప్ అయితే లెక్క వేరు. అప్‌డేట్ అయ్యాక కాసేపు వెనకాల ఇండెక్సింగ్ (వెతకడానికి ఫైళ్ళ జాబితా రాసుకోవడం), స్కాన్ నడుస్తూ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం చూపిస్తాది, ఛార్జర్ పెట్టి ఓ పూట వదిలేస్తే చాలాసార్లు అదే సర్దుకుంటాది.

సేఫ్ మోడ్‌లో కూడా బిగుసుకుంటోందంటే అప్పుడు హార్డ్‌వేర్ చూపించాల్సిందే, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, వేడి. బీచ్ రోడ్ వైపు ఇళ్ళల్లో ఉప్పుగాలికి గేటు బోల్టులే తుప్పు పడతాయి, ఫ్యాన్ సంగతి చెప్పక్కర్లేదు, విప్పి క్లీన్ చేయించండి. ద్వారకానగర్‌లో ఇచ్చినా ఇంకెక్కడిచ్చినా ముందు మీ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, సేఫ్ మోడ్‌లో ఏమయ్యిందో వాళ్ళకి చెప్పండి, డేటా చెరపద్దని రసీదు మీదే రాయించుకోండి.