నాలుగు రాత్రులు వైఫైతో కుస్తీ: ఇది చదువేనా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా అబ్బాయి అనంతపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాక వైఫై పనిచేయలేదు. తెర మీద ‘అన్‌మేనేజ్డ్’ అని వస్తోందంటూ నాలుగు రాత్రులు నిద్ర మానుకుని కూర్చున్నాడు. చివరికి విసిగిపోయి అంతా చెరిపేసి మళ్లీ వేస్తే నెట్ వచ్చింది. ఇది చదువేనా? ఇవన్నీ మాన్పించి హైదరాబాద్‌లో కోచింగ్‌కు పంపమంటారా?

జవాబు: అమ్మా, అది చదువే. మొదటి మూడు రాత్రులు మీ అబ్బాయి సరిగ్గానే చదివాడు. నాలుగో రాత్రి చెరిపేసినప్పుడే నష్టపోయాడు. నెట్ తిరిగి వచ్చింది గానీ, ఎందుకు పోయిందో ఇక ఎప్పటికీ తెలియదు.

మీ పొలంలో బోరు నీళ్లు పోయడం మానేస్తే వెంటనే కొత్త బోరు వేయించరు కదా. మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తారు. తర్వాత స్టార్టర్, ఆపైన కేబులు. అక్కడా ఏదీ తేలకపోతేనే మోటారు పైకి తీయిస్తారు. కంప్యూటర్ మరమ్మతు కూడా ఇదే వరుసలో సాగాలి. ఆ వరుస తెలిసిన మనిషికే కంపెనీలు జీతమిస్తాయి.

ఈ కింది మాటలు మీ అబ్బాయికి చదివి వినిపించండి.

లినక్స్ డెస్క్‌టాప్‌లో, అంటే బొమ్మలు, మెనూలు ఉండే తెరలో, నెట్ కనెక్షన్లను చూసుకునే ప్రోగ్రాం నెట్‌వర్క్ మేనేజర్. 2004లో రెడ్ హ్యాట్ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ దీన్ని మొదలుపెట్టింది. అది ‘అన్‌మేనేజ్డ్’ అని చూపిస్తే వైఫై కార్డు పాడైందని అర్థం కాదు. ఆ కార్డు బాధ్యత తనది కాదని చెబుతోందంతే. డెబియన్‌లో ఇందుకు బాగా తెలిసిన కారణం ఒకటుంది. ఈటీసీ డైరెక్టరీలోని నెట్‌వర్క్ డైరెక్టరీలో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు ఉంటుంది. ముందు డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ వేసి, తర్వాత డెస్క్‌టాప్‌ను చేర్చుకుంటే, మొదట వాడిన వైఫై కార్డు పేరు ఆ ఫైల్లో అలాగే ఉండిపోతుంది. అక్కడ పేరున్న కార్డు జోలికి నెట్‌వర్క్ మేనేజర్ వెళ్లదు. లూప్‌బ్యాక్ (కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే దారి) వరుసలను కదపకుండా, ఆ కార్డు వరుసల ముందు మాత్రం హ్యాష్ (#) గుర్తు పెట్టాలి. అప్పుడు కంప్యూటర్ ఆ వరుసలను పట్టించుకోదు. వాటిని చెరిపేయకూడదు. తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, వైఫై పాస్‌వర్డ్ మళ్లీ ఇస్తే సరిపోతుంది. పది నిమిషాల పని. మీ అబ్బాయికి ఎదురైంది ఇదేనని నా అనుమానం. ఆ ఫైలే చెరిగిపోయాక ఎలా తేల్చగలం?

ఇంకోసారి నెట్ పోతే ముందుగా ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్’ ఆదేశం ఇమ్మనండి. అసలు కార్డు పేరే కనిపించకపోతే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ లేదా ఫర్మ్‌వేర్ వైపు చూడాలి. ‘అన్‌అవైలబుల్’ అని వస్తే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’తో వైఫై ఆపి ఉందేమో చూడాలి. ‘కనెక్టెడ్’ అని ఉన్నా పేజీలు తెరుచుకోకపోతే 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు పింగ్ చేయాలి, అంటే జవాబు వస్తుందో లేదో పలకరించి చూడాలి. అక్కడి నుంచి జవాబు వచ్చి, వెబ్‌సైటు పేరు మాత్రం పలకకపోతే లోపం డీఎన్ఎస్‌లో, అంటే వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటులో ఉన్నట్టు. ఒక్కో అడుగులో ఒక్కటే మార్చాలి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

‘వైఫై కలిసింది, నెట్ మాత్రం రావడం లేదు, ఏం చేస్తారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ‘రీస్టార్ట్ చేస్తాను’ అని ఆగిపోతారు. పైన చెప్పిన వరుసను సొంత మాటల్లో చెప్పగలిగినవాడు ఆ గదిలో వేరుగా కనిపిస్తాడు. డెస్క్‌టాప్ సపోర్ట్, ఆపైన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగాలకు ఇదే పునాది. కానీ ఆ ఉద్యోగాల్లో ఎక్కువ పని సర్వర్ల మీద ఉంటుంది. అక్కడ బొమ్మల మెనూలుండవు, ఆదేశాలే. కనుక ఆదేశాలు టైపు చేసే తెర, అంటే టెర్మినల్, ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

కోచింగ్ సంగతి. ఇప్పుడే డబ్బు కట్టకండి, ముందు డిగ్రీ పూర్తి కానివ్వండి. తర్వాత ఆసక్తి నిలిస్తే రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ పరీక్షకు సిద్ధం కావచ్చు. అందులో సరైన జవాబుకు టిక్కు పెట్టే ప్రశ్నలుండవు, నిజమైన సిస్టమ్ మీద పని చేసి చూపాలి. నెట్‌వర్క్ అమర్చడం కూడా ఉంటుంది. రీబూట్ చేశాక కూడా చేసిన పని నిలవాలి. ఫీజు తక్కువేమీ కాదు, అందుకే ఇంట్లో గట్టిగా సాధన చేశాకే కట్టమంటాను. ల్యాప్‌టాప్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాంలో ఒక లినక్స్ వేసుకుని, కావాలనే చెడగొట్టి బాగుచేయమనండి. ఇలా చేస్తే ల్యాప్‌టాప్‌కు ఏ హానీ ఉండదు.

ఒక నోటు పుస్తకం కొనివ్వండి. తెర మీద ఏం వచ్చింది, తనేం మార్చాడు, ఏం జరిగింది, ఈ మూడూ రాయాలి. మొదటి పేజీలో ఆ మూడు రాత్రుల్లో చూసినవి గుర్తున్నంతవరకు ఈరోజే రాయించండి. రాత్రి పదకొండు దాటితే ల్యాప్‌టాప్ మూయించండి. నిద్ర లేని కళ్లతోనే కదా, అమ్మా, అంతా చెరిపేశాడు.